శాశ్వత చిరునామా

నేను వ్యాను నడిపేవాణ్ణి మాత్రమే.
మందుల పేర్లకి నాకు నోరు తిరగదు.
లిస్బన్‌లో ఏ సందులో బండి ఆపితే
పోలీసు చీటీ రాయడో, అది తెలుసు.

రాత్రి తొమ్మిదిన్నరకి ఇల్దా ఎక్కుతుంది.
ఒళ్లో ఫ్లాస్కు, భుజాన సంచి,
సంచిలో సూదులు, మాత్రలు, ఉన్ని మేజోళ్లు.
"ముందు నది ఒడ్డుకి పోనీ" అంటుంది
రోజూ, నాకు తెలియనట్టు.

అక్కడ కమానుల కింద
పదకొండో స్తంభం అదెరీతుది.
ఒకప్పుడు అవతలి ఒడ్డున ఓడలకి వెల్డింగు చేసేవాడట.
యార్డు మూసేసి ఏళ్లయింది.
ఓడలు మాత్రం అతని తలలోంచి ఇంకా బయల్దేరలేదు.
రాత్రంతా ఎవరో ఇనుము మీద సుత్తితో కొడుతూ
పేరు పెట్టి పిలుస్తుంటారు.
బూట్లు లేసులతో మణికట్టుకి కట్టుకుని పడుకుంటాడు,
దొంగల భయం కాదు,
తనే లేచి ఎటైనా వెళ్లిపోతాడేమోనని.

మొదటి నెలంతా ఇల్దా ఏమీ అడగలేదు.
రెండు స్తంభాల అవతల
తనూ ఒక అట్టముక్క పరుచుకుని కూర్చుంది.
క్యాబేజీ సూపు రెండు కప్పుల్లో పోసి
ఒకటి తాగేది, ఒకటి జరిపి పెట్టేది.
అది చల్లారిపోయేది.
వ్యానులో కూర్చుని విసుక్కున్నాను,
డీజిలు లెక్క చెప్పుకోవలసింది నేను కదా.
పందొమ్మిదో రాత్రి
రెండో కప్పూ ఖాళీగా వచ్చింది.
ఆవిడ ఏమీ అనలేదు,
సీటుబెల్టు మాత్రం రెండుసార్లు తప్పు పెట్టుకుంది.

ఆసుపత్రివాళ్లు చెడ్డవాళ్లేం కాదు.
రమ్మని ఉత్తరం వేశారు.
ఎక్కడికి?
ఫారంలో "శాశ్వత చిరునామా" అన్న గడిలో
ఎవరో అడ్డగీత గీశారు,
ఆ గీతకే వేసుంటారు.
మూడుసార్లు రాలేదని ఫైలు మూసేశారు.
ఇల్దా ఆ గడిలో రాసింది:
పదకొండో స్తంభం, నది వైపు.
కంప్యూటరు ఒప్పుకోలేదు.
పిన్‌కోడు అడిగింది.

ఫిబ్రవరిలో డాక్టరే వచ్చింది, నొయేమియ అని చిన్నపిల్ల.
కొత్త కోటు. కింద రాళ్లన్నీ తడి.
ఎక్కడ కూర్చోవాలో తెలీక నిలబడిపోయింది.
అదెరీతు లేచి తన అట్ట అంచు రెండు జానలు జరిపాడు,
చుట్టానికి కుర్చీ వేసినట్టు.
గంటసేపు మాట్లాడుకున్నారు.
గాలికి నాదాకా వచ్చింది ఒక్కటే మాట:
"ఆ సుత్తి అబద్ధమని చెప్పకండమ్మా,
కాస్త దూరం జరిగితే చాలు."

ఏప్రిల్ నాటికి సుత్తి పక్కవీధికి పోయిందన్నాడు.
బూట్లు కాళ్లకే ఉన్నాయి.

ఆ తర్వాత ఏదో ఉత్సవం.
కార్పొరేషన్‌వాళ్లు తెల్లారుజామున వచ్చి
గొట్టాలు పెట్టి కమానులు కడిగారు.
అట్ట, దుప్పటి, మాత్రల డబ్బా,
ఇల్దా తారీఖులు రాసిచ్చిన చీటీ,
అన్నీ లారీలోకి.
మేం వెళ్లేసరికి
పదకొండో స్తంభం నిగనిగలాడుతోంది.
బ్లీచింగు వాసన.

పదిహేడు రాత్రులు వెతికాం.
స్టేషను, రేవు, వంతెన కింద, మళ్లీ స్టేషను.
డీజిలు పుస్తకంలో అబద్ధం రాశాను.
ఇక్కడ చెప్పకూడదేమో, చెప్పేశాను.

ఫెర్రీ టికెట్ల కిటికీ పక్కన దొరికాడు.
బూట్లు మణికట్టుకి.
ఇల్దాని చూసి మొహం తిప్పుకున్నాడు.
కోపంతో ఆవిడ చేతులు వణికాయి, అతని మీద కాదు.
తర్వాత సంచి దించింది.
అక్కడ స్తంభాలు లేవు కనక
అడుగులు లెక్కపెట్టుకుని
అట్ట పరిచింది.
రెండు కప్పులు.
మళ్లీ మొదటి రాత్రి.

నేను ఇంజను ఆపాను.
రెండేళ్లలో మొదటిసారి దిగాను.
నాకో కప్పుందా అంటే
లేదని ఫ్లాస్కు మూతలో పోసింది.

చీకట్లో ఎక్కడో ఫెర్రీ కూత వేసింది.
అదెరీతు తల ఎత్తలేదు.
చాలాసేపటికి, నేలకేసే చూస్తూ,
"మీకూ వినపడిందా?" అన్నాడు.

వినపడింది, అన్నాను.